పట్టాలు వేసినోడు, పాట కట్టినోడు: పేరు మాత్రం వేరేవాడిది



అమెరికాలో చదువుకునే మన పిల్లలు సెమిస్టర్ అయిపోగానే నలుగురు కలిసి కారు అద్దెకు తీసుకుంటారు. నయాగరా, గ్రాండ్ క్యానియన్, లాస్ వేగాస్. ఫోటోలు వస్తాయి, లైకులు పడతాయి. తప్పేం లేదు. అప్పు చేసి పోయి, కష్టపడి చదివి, నాలుగు రోజులు నవ్వుకుంటే ఎవరికి కడుపుమంట?

కానీ మన దళిత బహుజన విద్యార్థులకు నేను ఇంకో దారి చెప్తాను. న్యూ ఆర్లీన్స్‌లో మొదలుపెట్టండి. మిసిసిపీ మీదుగా మెంఫిస్, అక్కడి నుంచి షికాగో. తిన్నగా పోతే సుమారు 1,500 కిలోమీటర్లు. మొన్న వేసవిలో ముగ్గురు తమ్ముళ్ళతో, ఒక చెల్లితో కలిసి ఆ దారిన పోయి వచ్చాను.

ఆ దారే ఎందుకు? ఇల్లినాయ్ సెంట్రల్ అనే పాత రైలు కంపెనీ లైను ఆ వైపుగానే పోతుంది. ఇవాళ్టికీ న్యూ ఆర్లీన్స్ నుంచి షికాగోకి ఆ పేరుతోనే ఒక ఆమ్‌ట్రాక్ రైలు నడుస్తుంది, 'సిటీ ఆఫ్ న్యూ ఆర్లీన్స్' అని. 1916 నుంచి 1970 దాకా దక్షిణాది రాష్ట్రాలు విడిచిపెట్టిపోయిన నల్లజాతి జనం 60 లక్షల మంది. వాళ్ళలో ఎంతోమందికి తప్పించుకునే తోవ ఈ పట్టాలే. 1922లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాకా పట్టుకుని షికాగో రైలెక్కింది ఇక్కడే. జాజ్, బ్లూస్ పైకి పోయింది ఇలాగే. పాట చరిత్రా రైలు చరిత్రా ఈ దారి మీద రెండు కాదు, ఒకటే.

ఇది యాత్రాకథనం కాదు. ఎక్కడ ఏం తిన్నామో చెప్పను. ఆ దారంతా తిరిగాక నాకు గట్టిగా అనిపించిన ఒక్క మాట చెప్పడానికి రాస్తున్నాను. ఒక జనం పాటని నెత్తిన పెట్టుకోవడం వేరు. ఆ పాట కట్టిన మనిషికి పేరూ కూలీ ఇవ్వడం వేరు. మొదటిది ఎవడైనా చేస్తాడు, మ్యూజియం కూడా కడతాడు. రెండోది సంఘం పెట్టుకుని కొట్లాడితే తప్ప రాదు.

1. చెప్పులు కుట్టేవాడు కొన్న టికెట్టు

న్యూ ఆర్లీన్స్‌లో అందరూ కాంగో స్క్వేర్ చూస్తారు. బానిసలు ఆదివారం పూట గుమిగూడి డోళ్ళు కొట్టి ఆడిన చోటు. ఇప్పుడది ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు మీద ఉన్న పార్కులో భాగం. అక్కడి నుంచి కాస్త దూరం పోతే ప్రెస్ వీధి, రాయల్ వీధి కలిసే మలుపు వస్తుంది. రైలు పట్టాలు, పక్కన ఒక ఫలకం. మాతో వచ్చిన తమ్ముడు దిగి చుట్టూ చూసి, "ఇంతేనా అన్నా, ఈ బోర్డు కోసమా ఇంత దూరం?" అన్నాడు. "చదువు తమ్ముడూ" అన్నాను.

1892 జూన్ 7న హోమర్ ప్లెస్సీ అనే మనిషి ఇక్కడ మొదటి తరగతి టికెట్టుతో తెల్లవాళ్ళ పెట్టెలో కూర్చున్నాడు. ఆయన వృత్తి ఏమిటో తెలుసా? చెప్పులు కుట్టడం. అంతకు రెండేళ్ళ ముందే లూసియానా ప్రభుత్వం రైళ్ళలో తెల్లవాళ్ళకి వేరు పెట్టె, నల్లవాళ్ళకి వేరు పెట్టె అని చట్టం చేసింది. దాన్ని కోర్టుకి ఈడ్వాలని ఊళ్ళోని నల్లజాతి పౌరులు ఒక కమిటీ వేసుకున్నారు. చందాలు పోగేశారు, లాయర్లని పెట్టుకున్నారు. ప్లెస్సీని అరెస్టు చేయడానికి ఒక ప్రైవేటు డిటెక్టివ్‌ని కూడా వాళ్ళే మాట్లాడుకున్నారు. రైలు కంపెనీకి కూడా ఈ చట్టం ఇష్టం లేదు. నల్లవాళ్ళ మీద ప్రేమతో కాదు, వేరే పెట్టెలు తగిలించాలంటే ఖర్చని.

ఇక్కడ మనం ఆగి చూడాల్సిన సంగతి ఒకటుంది. ప్లెస్సీ ఒంట్లో ఎనిమిది పాళ్ళలో ఏడు పాళ్ళు తెల్లవాళ్ళ రక్తం. చూడ్డానికి తెల్లవాడే. ఆయన నోటితో చెప్తే తప్ప తెలియదు. అంటే వాళ్ళు గొడవపడింది చర్మం రంగు గురించి కాదు, పుట్టుక గురించి. కంటికి కనిపించనిదాన్ని కూడా తవ్వి తీసి, నీ చోటు ఇదీ అని చూపించేదాన్ని మనం ఏమంటాం? దాని పేరు మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

1896లో అమెరికా సుప్రీంకోర్టు వేరు పెట్టెలు న్యాయమేనని చెప్పింది. ఆ తీర్పు నీడలో బళ్ళు, ఆసుపత్రులు, నీళ్ళ కుళాయిలు అన్నీ వేరయ్యాయి. ఆ నీడ తొలగడం మొదలవడానికి 1954 దాకా పట్టింది. ప్లెస్సీ మీద పడిన శిక్షని లూసియానా గవర్నర్ అధికారికంగా క్షమించింది ఎప్పుడో తెలుసా? 2022 జనవరిలో. ఆయన చచ్చిపోయి దాదాపు వందేళ్ళయ్యాక.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన దేశంలో ఇంకో రైలు కథ జరిగింది. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. 1901లో, పదేళ్ళయినా నిండని పిల్లాడు అన్నతో, అక్క కొడుకుతో కలిసి తండ్రి దగ్గరికి గోరేగావ్ పోతున్నాడు. మంచి బట్టలు, కొత్త టోపీలు. మసూర్ స్టేషన్లో దిగారు. స్టేషన్ మాస్టారు మొదట బాగానే పలకరించాడు. మహర్ పిల్లలమని చెప్పగానే మొహం మారిపోయింది. బండివాళ్ళు ఎవరూ రామన్నారు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, పిల్లలే బండి తోలుకునేట్టు, బండివాడు పక్కన నడిచేట్టు ఒప్పందం కుదిరింది.

రైల్లో ఉన్నంతసేపు ప్రయాణికులు. దిగగానే అంటరానివాళ్ళు. రైలు వస్తే కులాల మధ్య పని విభజన కరిగిపోతుందని 1853లో కార్ల్ మార్క్స్ రాశాడు. రైలొచ్చింది. కులం టికెట్టు కొనుక్కుని ఎక్కింది. పట్టాల మీద మలం ఎత్తే పనికి ఎవరిని పెట్టారో చూసినవాళ్ళకి ఇంకేం చెప్పాలి?

2. తపాలా బిళ్ళ మీద ఎవరున్నారు?

న్యూ ఆర్లీన్స్ నుంచి పైకి పోతే మిసిసిపీలో క్యాంటన్, వాన్ అనే చిన్న ఊళ్ళు తగులుతాయి. అమెరికాలో రైలు పిచ్చి ఉన్న ప్రతివాడికీ తెలిసిన పేరు కేసీ జోన్స్. 1900 ఏప్రిల్ 30 తెల్లవారుజామున, ఆలస్యమైన రైలుని వేళకి చేర్చాలని మెంఫిస్ నుంచి క్యాంటన్‌కి వేగంగా నడుపుతున్న డ్రైవరు. వాన్ దగ్గర లైను మీద ఇంకో గూడ్సు బండి తోక ఉంది. బ్రేకు వదలకుండా పట్టుకుని, గుద్దుకునే లోపు బండి వేగం తగ్గించి, తాను చచ్చిపోయి ప్రయాణికులని బతికించాడు. గొప్ప పనే. కాదనను. ఆయన పేరు మీద టెన్నెసీలో మ్యూజియం ఉంది. 1950లో తపాలా బిళ్ళ వేశారు.

ఇప్పుడు ఆ ఇంజన్లో రెండో మనిషిని చూడండి. సిమ్ వెబ్. నల్లజాతి ఫైర్‌మన్. రాత్రంతా బొగ్గు పార పట్టింది ఆయన. ముందున్న ఎర్ర దీపాలు చూసి కేక వేసింది ఆయన. దూకెయ్యమని కేసీ చెప్తే దూకి బతికాడు. ఆ రోజుల్లో దక్షిణాది రైళ్ళలో బొగ్గు పని నల్లవాడు చేయొచ్చు, ఇంజన్ మాత్రం తెల్లవాడే నడపాలి. ఎన్నేళ్ళ అనుభవమున్నా నల్ల ఫైర్‌మన్ డ్రైవరు కాలేడు. కులమంటే పనిని పంచుకోవడం కాదు, పనిచేసేవాళ్ళనే ఒకరి మీద ఒకరుగా మెట్లు కట్టి పెట్టడమని బాబాసాహెబ్ చెప్పింది ఒక్క ఇంజన్ గదిలో కనిపిస్తుంది.

మరి కేసీ జోన్స్‌ని లోకానికి తెలిపింది ఎవరు? పేపర్లు కాదు. పాట. ఆ పాట మొదట కట్టింది వాలెస్ సాండర్స్. క్యాంటన్ షెడ్డులో ఇంజన్లు తుడిచే నల్లజాతి కూలీ. కేసీ స్నేహితుడు. ఇంజన్ తుడుస్తూ పాడుకున్నాడు, అది నోటినోటికీ పాకింది. తర్వాత నాటక కంపెనీల తెల్లవాళ్ళు దాన్ని సవరించి 1909లో అచ్చు వేసుకున్నారు. కాపీరైటు వాళ్ళది. లక్షల ప్రతులు అమ్ముకున్నది వాళ్ళు. సాండర్స్‌కి ఒక సారా సీసా దక్కిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అంతకుమించి దక్కిందని మాత్రం ఎవరూ చెప్పరు.

ఒకే ప్రమాదంలో ముగ్గురు. చచ్చిపోయిన తెల్లవాడికి తపాలా బిళ్ళ. బతికిన నల్లవాడికి కథలో పక్కపాత్ర. పాట కట్టిన నల్లవాడికి ఏమీ లేదు.

3. స్టేషన్లో మనిషి

అక్కడి నుంచి ఎడమకి తిరిగితే మిసిసిపీ డెల్టా. నదికి పక్కన చదునుగా, కనుచూపు మేర పత్తి చేలు. గుంటూరు జిల్లా పిల్లలకి కొత్తగా ఏమీ అనిపించదు. బానిసత్వం పోయాక ఇక్కడ నల్లవాళ్ళు పాలుకి చేసేవాళ్ళు. దొర దగ్గరే విత్తనం, దొర కొట్లోనే ఉప్పూ పప్పూ అప్పు. పంట చేతికొచ్చాక లెక్క రాసేది దొర. ఏడాది చివర కూలీయే బాకీ. మన తాతల నాటి పాలేరుతనమూ, వెట్టీ ఎరిగినవాడికి ఈ లెక్క చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

ట్యుట్‌వైలర్ అని చిన్న ఊరు. పాత స్టేషన్ లేదు, గుర్తుగా బోర్డు ఉంది. డబ్ల్యూ.సి. హ్యాండీ అనే నల్లజాతి సంగీత విద్వాంసుడు 1903 ప్రాంతంలో ఇక్కడ ఆలస్యమైన రైలు కోసం కాచుకుని కునుకు తీశాడు. మెలకువ వచ్చేసరికి పక్కన ఒక మనిషి, చినిగిన బట్టలు, పగిలిన బూట్లు, గిటారు తీగల మీద కత్తి ఆనించి వాయిస్తున్నాడు. రెండు రైలు మార్గాలు అడ్డంగా కలుసుకునే చోటికి పోతున్నానని పాడుతున్నాడు. అంత వింత సంగీతం తానెప్పుడూ వినలేదని హ్యాండీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. బ్లూస్ చరిత్ర రాసేవాళ్ళు చాలామంది ఆ రాత్రి దగ్గరే మొదలుపెడతారు.

హ్యాండీ ఆత్మకథ పేరు 'ఫాదర్ ఆఫ్ ద బ్లూస్'. బ్లూస్ పితామహుడు. ఆ కత్తి పట్టుకున్న మనిషి పేరు? లేదు. ఎవరూ అడగలేదు. హ్యాండీ దుర్మార్గుడని కాదు. ఆయన్నీ మోసం చేశారు. 1912లో 'మెంఫిస్ బ్లూస్' హక్కులు కొద్దిపాటి డబ్బుకి వదులుకుంటే వేరేవాళ్ళు దాని మీద సంపాదించుకున్నారు. ఆ దెబ్బతో ఆయన సొంత ప్రచురణ సంస్థ పెట్టుకున్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పని ఉంది. కానీ చదువుకున్న నల్లవాడు కూడా చదువులేని నల్లవాడి పేరు అడగలేదనేది నిజం. మనలో రచయితలకి, పరిశోధకులకి, నాకు కూడా ఆ ప్రశ్న తగలాలి.

ట్యుట్‌వైలర్ దాటి కొంచెం పోతే క్లార్క్స్‌డేల్. అక్కడి డెల్టా బ్లూస్ మ్యూజియం ఉన్నది పాత రైల్వే గూడ్సు డిపోలో. 1918 నాటి ఇటుకల కట్టడం. లోపల మడ్డీ వాటర్స్ ఉన్న చెక్క గుడిసె పెట్టారు. స్టోవాల్ కమతంలో ట్రాక్టర్ తోలే కూలీ ఆయన. 1941లో ఆయన పాటని గుడిసె దగ్గరే రికార్డు చేశారు, అమెరికా జాతీయ గ్రంథాలయం కోసం. రికార్డు చేసినవాడుగా లోకం చెప్పుకునే పేరు అలన్ లోమాక్స్. పక్కనే ఇంకొకాయన ఉన్నాడు, జాన్ వర్క్. నల్లవాళ్ళ విశ్వవిద్యాలయమైన ఫిస్క్‌లో ప్రొఫెసర్. ఆ పరిశోధన మొదలవడంలో ఆయన పాత్ర పెద్దది. ఆయన రాసిన ప్రతి ఎక్కడో పడిపోయింది. అది పుస్తకంగా వచ్చింది 2005లో. అప్పటికి ఆయన లేడు. పాడేవాడే కాదు, పాట మీద పనిచేసిన పండితుడు కూడా మాయమవుతాడన్నమాట, తప్పు ఇంట్లో పుడితే.

రెండేళ్ళ తర్వాత మడ్డీ గంటకి నాలుగు డబ్బులు కూలి పెంచమని అజమాయిషీదారుని అడిగాడు. వాడు కుదరదన్నాడు. మడ్డీ వాటర్స్ సామాను సర్దుకుని క్లార్క్స్‌డేల్ స్టేషన్లో రైలెక్కేశాడు. షికాగో బ్లూస్ పుట్టింది ఆ కూలి తగాదా నుంచి. కళ అనేది ఎక్కడి నుంచో దిగి వస్తుందని చెప్పేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

4. ఆ రోడ్డు అందరిదీ కాదు

రోడ్ ట్రిప్ అంటే మనకి సరదా. అమెరికాలో నల్లవాళ్ళకి 1960ల దాకా రోడ్డంటే ప్రాణభయం. ఏ ఊళ్ళో పెట్రోలు పోస్తారు, ఏ లాడ్జిలో గది ఇస్తారు, ఎక్కడ పొద్దుగూకాక కనిపిస్తే కొడతారు, ఇవన్నీ ముందే తెలుసుకుని బయల్దేరాలి. విక్టర్ గ్రీన్ అనే పోస్ట్‌మ్యాన్ 1936 నుంచి అందుకోసం ఒక పుస్తకం వేశాడు. దాన్నే 'గ్రీన్ బుక్' అంటారు.

క్లార్క్స్‌డేల్‌లో రివర్‌సైడ్ హోటల్ అని ఒక భవనం ఉంది. 1944లో హోటల్ కాకముందు అది నల్లవాళ్ళ ఆసుపత్రి. 1937 సెప్టెంబర్ 26న బెస్సీ స్మిత్ చచ్చిపోయింది అక్కడే. ఆ రోజుల్లో అందరికన్నా ఎక్కువ సంపాదించిన నల్లజాతి గాయనుల్లో ఒకరు. 61వ నంబరు రోడ్డు మీద కారు ప్రమాదం. తెల్లవాళ్ళ ఆసుపత్రి చేర్చుకోలేదు కాబట్టి చచ్చిపోయిందని పత్రికలో వచ్చింది, నాటకం కూడా వచ్చింది. తర్వాత పరిశోధకులు తేల్చింది వేరు. ఆమెని నేరుగా నల్లవాళ్ళ ఆసుపత్రికే తీసుకుపోయారు. తెల్లవాళ్ళ ఆసుపత్రికి తీసుకుపోవాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

నాకు ఆ పుకారు కన్నా ఈ నిజమే భయంకరంగా అనిపించింది. గుమ్మం దగ్గర ఆపేస్తే అది ఒక వార్త. గుమ్మం దాకా పోవాలనే తలంపే రాకుండా చేస్తే అది వ్యవస్థ. మన పల్లెల్లో గుడి ముందు నుంచి తలవంచుకుని పక్కకి తప్పుకుపోయే ముసలాళ్ళని ఎవరూ ఆపరు. ఆపాల్సిన పనిలేదు.

అంత పాడిన బెస్సీ సమాధికి రాయి లేదు. 33 ఏళ్ళు. 1970లో జానిస్ జాప్లిన్ అనే తెల్లజాతి గాయనీ, జువానిటా గ్రీన్ అనే నల్లజాతి మహిళా కలిసి డబ్బిచ్చి రాయి పెట్టించారు.

గ్రీన్ బుక్ కాలం పోయిందనుకుంటున్నారా? మా ప్రయాణంలో ఒక నగరంలో మాతో వచ్చిన తమ్ముడికి రూమ్ కావాల్సి వచ్చి ఒక తెలుగాయనకి ఫోన్ చేశాం. "ఏ ఊరు బాబూ? ఇంటిపేరేంటి? నాన్నగారు ఏం చేస్తారు?" మూడు ప్రశ్నలు. నాలుగోది అడగలేదు, అవసరం లేకపోయింది. "చూసి చెప్తాను" అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించినప్పుడు, అమెరికాలో కులం ఎక్కడుందండీ అని అడిగిన పెద్దమనుషులకి ఆ ఫోన్ నంబరు ఇవ్వాలనిపించింది.

5. మెంఫిస్: పేరుంది, కూలి లేదు

మెంఫిస్‌లో సన్ స్టూడియో ముందు ఎప్పుడూ క్యూ. 1954లో ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు అక్కడ చేశాడు. ఆ పాట ఆర్థర్ క్రుడప్‌ది. మిసిసిపీ నల్లవాడు, 1946లో తానే పాడి రికార్డు చేశాడు. ఇక్కడ ఎవరూ పేరు దాచలేదు. ఎల్విస్ రికార్డు మీద రచయితగా క్రుడప్ పేరే ఉంది. కానీ డబ్బు? మధ్యలో మేనేజర్, ప్రచురణకర్త. పొలాల్లో కూలి చేసుకుంటూ, రావలసిన రాయల్టీలో చాలా భాగం చేతికి రాకుండానే 1974లో క్రుడప్ పోయాడు. కాబట్టి పేరొక్కటే చాలదు. పేరు గోడ మీద ఉండి కూలి వేరేవాడి జేబులో ఉంటే ఆ పేరుతో పొయ్యి వెలగదు.

అక్కడి నుంచి కొద్ది దూరంలో లొరైన్ మోటల్. నల్లవాళ్ళ సొంత లాడ్జి, గ్రీన్ బుక్‌లో ఉన్నది, పాటగాళ్ళు దిగే చోటు. ఇప్పుడు పౌరహక్కుల మ్యూజియం. 1968 ఏప్రిల్ 4 సాయంత్రం ఆ వరండాలో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. కాల్పులకి కొన్ని క్షణాల ముందు ఆయన కిందనున్న బెన్ బ్రాంచ్ అనే శాక్సాఫోన్ కళాకారుడితో, ఆ రాత్రి సభలో తనకిష్టమైన భక్తి పాట వాయించమని చెప్తున్నాడు.

ఆయన మెంఫిస్ ఎందుకొచ్చాడో మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు? చెత్త ఎత్తే కార్మికుల సమ్మె కోసం. ఫిబ్రవరి 1న ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు కార్మికులు వానకి తలదాచుకోవడానికి చెత్త లారీ తొట్టిలోకి దూరారు. చెత్తని నొక్కే యంత్రం ఉన్నట్టుండి కదిలి ఇద్దరినీ నలిపేసింది. పదకొండు రోజులకి 1,300 మంది పని మానేశారు. మెడలో అట్టలు కట్టుకుని నడిచారు. దాని మీద జీతం పెంచమని లేదు. 'నేను మనిషిని' అని ఉంది.

మ్యూజియంలో ఆ అట్టల ముందు మాతో వచ్చిన చెల్లి చాలాసేపు నిలబడింది. వాళ్ళమ్మ మున్సిపాలిటీలో కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలు. ఏమీ మాట్లాడలేదు, నేనూ అడగలేదు. మన దగ్గర 2013లో చట్టమొచ్చింది, మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపకూడదని. చట్టం వచ్చాక కూడా దింపుతూనే ఉన్నారు, చస్తూనే ఉన్నారు. మన కోల్‌లు, వాకర్‌ల పేర్లు ఏ గోడ మీద ఉన్నాయి?

6. షికాగో: 'జార్జ్' అని పిలిపించుకున్నవాళ్ళు

దారి చివర షికాగో. అక్కడ పుల్మన్ పేటకి పోకుండా రాకండి. జార్జ్ పుల్మన్ పడక రైలు పెట్టెల కంపెనీ పెట్టినవాడు. బానిసత్వం పోగానే విడుదలైన నల్లవాళ్ళని ఏరికోరి పోర్టర్లుగా పెట్టుకున్నాడు. పక్కలు వేయాలి, బూట్లు తుడవాలి, రాత్రంతా మేలుకోవాలి, నవ్వుతూ ఉండాలి. నెలకి 400 గంటలు లేదా 11,000 మైళ్ళు పనిచేస్తేనే పూర్తి జీతం. ప్రయాణికులు వాళ్ళని పేరు పెట్టి పిలవరు. అందరినీ 'జార్జ్' అనేవాళ్ళు. బానిసని యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు. మా నాయన వయసు మనిషిని పదేళ్ళ దొరబిడ్డ 'ఒరేయ్' అని పిలిచిన వీధిలో పెరిగినవాడిని. నాకు ఆ 'జార్జ్' చెవిలో గింగిరాలు తిరిగింది.

1894లో పుల్మన్ కార్మికుల పెద్ద సమ్మె గురించి వామపక్ష మిత్రులు గొప్పగా చెప్తారు. చెప్పాలి కూడా. కానీ ఆ సమ్మె నడిపిన అమెరికన్ రైల్వే యూనియన్‌లో నల్లవాళ్ళకి సభ్యత్వం లేదు. నాయకుడు యూజీన్ డెబ్స్ చేర్చుకుందామన్నాడు, మహాసభ ఒప్పుకోలేదు. ముందు వర్గం, కులం సంగతి తర్వాత అని ఇప్పటికీ చెప్పేవాళ్ళు ఆ మహాసభలో ఏం జరిగిందో చదవాలి. సగం మందిని గుమ్మం బయట పెట్టి చేసిన సమ్మె ఓడిపోయింది.

పోర్టర్లు తమ సంఘం తామే పెట్టుకున్నారు. 1925 ఆగస్టు 25, న్యూయార్క్ హార్లెమ్. నాయకుడిగా ఎ. ఫిలిప్ రాండాల్ఫ్‌ని ఎంచుకున్నారు. ఆయన పోర్టర్ కాదు, కాబట్టి కంపెనీ ఆయన్ని పీకేయలేదు. ఆ తెలివి చూడండి. కంపెనీ గూఢచారులని పెట్టింది, వందల మందిని తీసేసింది. మగవాళ్ళు కలుసుకుంటే ఉద్యోగం పోతుంది కాబట్టి రోసినా టక్కర్ లాంటి ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి చందా పోగేశారు, రహస్యంగా సభలు పెట్టారు. 12 ఏళ్ళు. 1937లో సరిగ్గా ఆగస్టు 25నే పుల్మన్ కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఒక నల్లజాతి సంఘంతో అంత పెద్ద కంపెనీ ఒప్పందం చేసుకోవడం అదే మొదటిసారి. నెలకి 400 గంటల పని 240కి దిగింది.

అంతటితో ఆగలేదు. షికాగోలో అచ్చయ్యే 'డిఫెండర్' పత్రికని పోర్టర్లే మూటల్లో దాచి దక్షిణాదికి చేరవేశారు. అది చదివే ఎంతోమంది రైలెక్కారు. 1955లో మాంట్‌గమరీ బస్సుల బహిష్కరణకి పునాది వేసిన ఇ.డి. నిక్సన్ పోర్టరే. 1963 వాషింగ్టన్ ప్రదర్శనకి పెద్దదిక్కు రాండాల్ఫే. పక్కలు పరిచినవాళ్ళు ఉద్యమాన్ని పరిచారు. ఇవాళ ఆ పేటలో పోర్టర్ల మ్యూజియం ఉంది, దాని పేరులో జార్జ్ పుల్మన్‌తో పాటు రాండాల్ఫ్ పేరు ఉంది.

అదే షికాగోలో సౌత్ మిషిగన్ అవెన్యూ 2120 నంబరు భవనం చూడండి. చెస్ రికార్డ్స్ ఉన్న చోటు. మడ్డీ వాటర్స్ పాడింది అక్కడే. ఇప్పుడది విల్లీ డిక్సన్ పెట్టిన 'బ్లూస్ హెవెన్ ఫౌండేషన్'ది. డిక్సన్ ఎన్నో పాటలు రాసి హక్కులు పోగొట్టుకున్న మనిషి. తన పాట వాడుకున్నారని లెడ్ జెప్లిన్ అనే పెద్ద బ్రిటిష్ బృందం మీద 1985లో దావా వేశాడు, వాళ్ళు రాజీకి వచ్చారు. తనలాంటి కళాకారులకి కాపీరైటు, రాయల్టీ సంగతులు చూసిపెట్టడానికే ఆ సంస్థ. ఏ గోడల మధ్య దోపిడీ జరిగిందో ఆ గోడలే చేతికొచ్చాయి. నేను తిరిగిన దారిలో నాకు నచ్చిన మ్యూజియం అది.

7. మరి మనం?

జాతీ కులమూ ఒకటేనని నేను అనడం లేదు. కానీ ఈ రెండు పోరాటాల మధ్య మాటలు ఎప్పటి నుంచో ఉన్నాయి. 1946లో అంబేడ్కర్ డు బోయిస్‌కి ఉత్తరం రాశారు, ఆయన జవాబిచ్చాడు. 1972లో బొంబాయి కుర్రాళ్ళు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. కాబట్టి నేర్చుకోవడానికి మొహమాటపడక్కర్లేదు.

మన దగ్గర బ్లూస్ వినే పెద్దింటి పిల్లలున్నారు. అదే పిల్లల వీధిలో డప్పు మోగితే కిటికీ మూస్తారు. డప్పు వాళ్ళకి చావు మేళం. గణతంత్ర దినం ఊరేగింపులో, కార్పొరేట్ కాలేజీ వార్షికోత్సవంలో మాత్రం కళ. కొట్టేవాడు మాదిగ, ఫ్లెక్సీ మీద పేరు ఎవరిదో. నాట్ల పాటలు, కలుపు పాటలు అచ్చేసిన పుస్తకాలు చాలా వచ్చాయి. అట్ట మీద సేకరించిన పండితుడి పేరు. లోపల పాడిన ఆమె? 'ఒక కూలి స్త్రీ'. ట్యుట్‌వైలర్ స్టేషన్ మన ప్రతి మండలంలోనూ ఉంది.

'జానపదం', 'సంప్రదాయం' అనే ముద్ర ఎంత ఖరీదైనదో తెలుసుకోండి. కాపీరైటు చట్టానికి రచయిత ఒకడు కావాలి. రచయిత తెలియదు అంటే డబ్బు ఇవ్వాల్సిన మనిషి లేడని. సినిమావాడు పాట తీసుకుని పక్కన 'జానపదం' అని వేశాడంటే గౌరవం చేసినట్టు కాదు, బాకీ కొట్టేసినట్టు. 2012లో మన కాపీరైటు చట్టాన్ని సవరించారు. సినిమాకి పాట రాసినవాడు, బాణీ కట్టినవాడు రాయల్టీ వాటాని రాసిచ్చేయడానికి వీల్లేకుండా చేశారు. ఎంతమంది మన కళాకారులకి ఈ సంగతి తెలుసు?

అందుకని విద్యార్థులకి నా మాట. ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ పాటని ఫోన్లో తీసి రీల్ పెట్టడం కాదు. పాడినవాళ్ళ పేరు, ఊరు, పేట, తేదీ రాయండి. ఎవరి దగ్గర నేర్చుకుందో ఆ పేరూ రాయండి. పాట కట్టినవాళ్ళు బతికి ఉంటే కాగితం మీద పెట్టించండి. లా చదివే పిల్లలు నలుగురు కలిసి జిల్లాకొక చిన్న కమిటీ వేసి, మన కళాకారులు సంతకం పెట్టే కాగితాలు ముందు మీరు చదవండి. పరిశోధన చేసేవాళ్ళు పాడినామె పేరు కృతజ్ఞతల పేజీలో కాదు, అట్ట మీద వేయండి. సభలకి డప్పు బృందాన్ని పిలిచే ఉద్యమ మిత్రులు కూడా, దండలూ జై భీమ్‌లూ సరే, చార్జీలూ కూలీ ఇచ్చి పంపండి. మనమే ఇవ్వకపోతే సినిమావాణ్ణి అడిగే నోరెక్కడిది?

ట్యుట్‌వైలర్‌లో కత్తితో తీగ మీటిన మనిషి పేరు ఇక ఎవరికీ దొరకదు. మీ పేటలో డప్పు కొట్టే పెద్దాయన పేరు ఇవాళ సాయంత్రం పోయి అడిగినా దొరుకుతుంది. అడిగి, కింద రాయండి. ఊరి పేరుతో సహా.

వచ్చే భాగంలో జాన్ హెన్రీ గురించి, జైలు కూలీలతో సొరంగాలు తవ్వించిన రైలు కంపెనీల గురించి.

జై భీమ్.